వేరుపనస కింద ఐదో ఆకు

మా నాన్న టెక్కలిలో బడిపంతులు. ఇంట్లో ఎవరైనా దయ్యం అన్న మాట ఎత్తితే ఆ పూట వాళ్ల కంచంలో పెరుగు పడేది కాదు. అలా పెరిగినదాన్ని నేను. శ్మశానం పక్క నుంచి ఒంటరిగా నడిచాను. పూనకం వచ్చిన మనిషి మొహం మీద నీళ్లు కొట్టి కూర్చోబెట్టాను. ఇప్పుడు ఎనభై దాటాయి. ఇప్పటికీ దయ్యాలు ఉన్నాయంటే ఒప్పుకోను.

అందుకని ఇది దయ్యం కథ అనుకుని చదవొద్దు. ఒక వేసవి మధ్యాహ్నం, పట్టపగలు, నలుగురు మనుషులం కూర్చుని ఉండగా జరిగిన సంగతి. ఆ నలుగురిలో మిగిలింది నేనొక్కదాన్నే. నేనూ పోతే చెప్పేవాళ్లుండరని రాస్తున్నాను.

అప్పుడు తెల్లవాళ్ల ప్రభుత్వం. నాకు పద్దెనిమిదేళ్లు. పెళ్లయ్యాక పలాస స్టేషన్లో రైలు దిగి, ఎడ్లబండి మీద ఇసుక దారిలో సగం రోజు ప్రయాణం చేసి, అక్కుపల్లికి కొంచెం ఇవతల ఉన్న అత్తవారి ఊరు చేరాను. ఎటు చూసినా కొబ్బరి తోటలు. వాటి వెనక కనిపించకుండా సముద్రం హోరు.

మా ఆయన నౌపడ ఉప్పు మళ్ల దగ్గర పనిచేసేవారు. వారానికోసారి వచ్చేవారు. అత్తగారు నేను రాకముందే పోయారు. ఇంట్లో మామగారూ నేనూ. ఆయన మంచివారే, కానీ నవ్వగా చూసినవాళ్లు లేరు. పొద్దున్న "గంజి ఉందా" అనేవారు, సాయంత్రం "దీపం పెట్టావా" అనేవారు. రోజు మొత్తానికి అంతే మాట.

ఆ ఇంట్లో నాకు తోడు పెరడే. అలాంటి పెరడు నేనెక్కడా చూడలేదు. ఒక కొబ్బరి చెట్టుకి నిలువెత్తు పైన రెండు తలలు. ఒక జీడిమామిడి పుట్టినచోట నిలబడకుండా పాములా ఇసుక మీద పాకి, అటు చివర తల ఎత్తింది. దాని మాను మీద నలుగురు వరసగా కూర్చోవచ్చు. వీటన్నిటికీ మించింది వేరుపనస. అది కొమ్మలకి కాసేది కాదు. భూమిలో, వేరుకి కాసేది. కాయ ముదిరితే పైన నేల నెర్రె విచ్చేది. పండితే ఆ నెర్రెలోంచి వాసన వచ్చేది. తవ్వి తీసుకోవడమే. ఇదంతా విన్నదే. నేను కాపురానికి వచ్చి రెండేళ్లయినా అది ఒక్క కాయ కాయలేదు. అంతకుముందు ఇంకో రెండేళ్లు కూడా కాయలేదట.

మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆ చెట్టు నీడకి ముగ్గురు ముసలివాళ్లు చేరేవారు. అప్పన్న తాత ఒకప్పుడు ఊరి కొబ్బరి చెట్లన్నీ ఎక్కి కాయలు దింపినవాడు. అప్పటికి మోకాళ్లు పట్టేశాయి. పక్కింటి సూరమ్మవ్వ గొంతు సముద్రం హోరుని మించి వినిపించేది. నూకాలు అక్కుపల్లి నుంచి ఎండుచేపల తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చే మనిషి. అమ్మకం అయ్యాక ఎండ తగ్గేదాకా మా పెరట్లోనే ఉండేది. వాళ్లు నన్ను "పంతులుగారి పిల్ల" అనేవారు. టెక్కలిలో నా స్నేహితురాళ్లు ఎవరూ వాళ్లంత నవ్వించలేదు.

రైలు మొదటిసారి వచ్చిందని తెలిసి సూరమ్మవ్వ పళ్లెంలో హారతీ కొబ్బరికాయా పెట్టుకుని పలాస దాకా నడిచి వెళ్లిందట. దేవుడి రథం అనుకుంది. ఇంజను కూత వేసేసరికి కొబ్బరికాయ కింద పడింది, ఆవిడ దాని మీద పడింది.

"కాయ పగిల్నాదా సూరమ్మా?" అని అప్పన్న తాత ప్రతిసారీ అడిగేవాడు.

"పగిల్నాది. నా నడుం కూడా పగిల్నాది" అని ఆవిడ ప్రతిసారీ చెప్పేది. ఆ కథ వందసార్లు విన్నాను. వందసార్లూ నవ్వాను.

ఆ వేసవిలో మామగారు కొత్తిల్లు మొదలుపెట్టారు. తలుపులకి పనస చెక్కకి మించింది లేదు. "నాలుగేళ్లయి కాయని సెట్టు ఎందుకు? కొట్టించీసి తలుపులు సేయించెత్తాను" అన్నారు. వడ్రంగి వచ్చి, తాడుతో చుట్టుకొలత తీసి, చెట్టు మొదలు మీద సుద్దతో గీత గీసి వెళ్లాడు. ఎల్లుండి పొద్దున్న గొడ్డళ్లు తెస్తానన్నాడు.

నేను ఎదురు చెప్పలేదు. ఆ రోజుల్లో కోడలు చెప్పేది కాదు. వంటింట్లో మూల కూర్చుని ఏడ్చానంతే. చెట్టు పోతే నీడ పోతుంది. నీడ పోతే ఆ ముగ్గురూ రారు. ఇక "గంజి ఉందా", "దీపం పెట్టావా" మిగులుతాయి.

మర్నాడు తెల్లవారకముందే మామగారు తలుపులకి ఇనుప సామాను కోసం పలాస వెళ్లారు. మధ్యాహ్నం ముగ్గురూ ఎప్పటిలాగే వచ్చారు, కానీ దిగులుగా. సూరమ్మవ్వ సుద్ద గీతని కొంగుతో తుడిచేసింది. "తుడిత్తే ఆగిపోతాదేటి?" అంది నూకాలు.  తర్వాత అప్పన్న తాత, అసలు ఈ చెట్టు నాటిందెవరు అని ఎత్తుకున్నాడు. మా మామగారి తాత మహేంద్రగిరి నుంచి మొక్క తెచ్చాడని ఆయన వాదం. కాదు, టెక్కలి సంతలో కొన్నదని సూరమ్మవ్వ. ఏ నక్కో పండు తిని వదిలేసి ఉంటుందని నూకాలు. దిగులు పోయి పోట్లాట మొదలైంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

అప్పుడే తోటల వైపు దడి తలుపు తీసుకుని ఒకావిడ లోపలికి వచ్చింది.

నాకు బాగా గుర్తుంది. పొట్టి మనిషి. అరవై ఏళ్లుంటాయి. నెరిసిన జుట్టు ముడి, వెలిసిపోయిన ఇటుకరంగు కోక. పై వరసలో ఒక పన్ను లేదు. రోజూ వచ్చే మనిషిలా నేరుగా వచ్చి, ఆ పాకిన జీడిమామిడి మాను మీద సూరమ్మవ్వ పక్కన కూర్చుంది. సూరమ్మవ్వ జరిగి చోటిచ్చింది. ఎవరూ ఎవరని అడగలేదు. నేను అందరికీ తెలిసినావిడే అనుకుని మంచినీళ్లు తెచ్చి ఇచ్చాను. గటగటా తాగి చెంబు నా చేతికే ఇచ్చింది. ఆ చెంబు పట్టుకున్న వేళ్లు వెచ్చగా ఉన్నాయి. ఇది ఎందుకు రాస్తున్నానంటే, తర్వాత చాలామంది నన్ను అడిగిన ప్రశ్న ఇదే.

పోట్లాట కాసేపు విని ఆవిడ నవ్వింది.

"ఎవులూ నాటనేదు. ఈ ఇంటి గుంటడు సేసిన పనిది" అంది.

"ఏ పిల్లోడే?" అన్నాడు అప్పన్న తాత.

"మూడేళ్ల గుంటడు. పనసతొన పిక్కతో సహా మింగబోనాడు. గొంతుకి అడ్డం పడి కళ్లు తేలేసినాడు. తల్లి నోట్లో ఏలెట్టి లాగీసినాది. లాగీసి ఆ మూలకి ఇసిరేసినాది. ఊపిరొచ్చిందో లేదో, ఆ పిక్కే కావాలని మళ్లీ ఏడుపు! ఆ పిక్కే మొలిసినాది."

అందరం పగలబడి నవ్వాం. చచ్చి బతికినవాడు మళ్లీ ఆ గింజకోసమే ఏడవడం ఆవిడ అభినయించి చూపించింది, పెదవి విరిచి, కాళ్లు తన్నుకుంటూ. నూకాలు నవ్వలేక తట్ట మీద వాలిపోయింది. కథ బాగుంది అనుకున్నాం. నిజమా అబద్ధమా అని ఎవరూ ఆలోచించలేదు. అక్కడ చెప్పే కథల్లో సగం అబద్ధాలే.

ఆవిడ లేచింది. నూతి దగ్గరికి నడిచింది. చెట్టు మొదలుకి ఇరవై అడుగుల దూరమైనా ఉంటుంది. అక్కడ ఎండు కొబ్బరి మట్టలు కుప్పగా పడి ఉన్నాయి. ఒక మట్టని కాలితో పక్కకి తోసి, "ఓలే పంతులుగారి పిల్లా, గునపం తే. ఇక్కడ తవ్వు" అంది.

తెచ్చాను. రెండు పోట్లు పొడిచానో లేదో మెత్తగా దిగింది. ఆ గుంటలోంచి వాసన గుప్పుమని వచ్చింది. ఇక చేతులతోనే తవ్వాం, నేనూ నూకాలూ. ఇసుకలో పడుకోబెట్టిన పసిపిల్లలా పనసపండు. ఇద్దరం కలిసి ఎత్తలేకపోయాం. సూరమ్మవ్వ వేసిన కేకకి వీధి వీధంతా దడి మీంచి తొంగి చూసింది.

నేను లోపలికి పరిగెత్తి కత్తిపీట, చేతులకి బంక అంటకుండా నూనె గిన్నె, ఐదు బాదం ఆకులు తెచ్చాను. ఐదు. అప్పన్న తాతకొకటి, సూరమ్మవ్వకొకటి, నూకాలుకొకటి, ఆవిడకొకటి, నాకొకటి. నా చేత్తో తొనలు పెట్టాను. ఆవిడ తిన్నది. నేను చూస్తుండగా తిన్నది. పిక్కలు వేయించుకోవడానికి పనికొస్తాయని ఆకులో ఒక పక్కకి తీసి పెట్టింది. తిన్నాక చేతులు తుడుచుకుంటూ నాతో, "ఆ గుంటడు సాయంత్రం వత్తాడు గదా. నాను సెప్పింది సెప్పు. కొట్టనేదని సెప్పు" అంది.

ఏ గుంటడో నాకు అర్థం కాలేదు. తలూపాను.

"నాను మరి ఎల్తాను" అని నూతివైపు వెళ్లింది. ఈలోగా వీధిలో వాళ్లు వచ్చి పడ్డారు. తొనలు పంచడం, గోల. కాసేపటికి చూస్తే ఆవిడ లేదు. ఎవరూ వెళ్లగా చూడలేదు. అంత సందడిలో ఎవరు చూస్తారు? నేను అప్పటికి అదేమీ వింత అనుకోలేదు.

ఎండ వాలాక సూరమ్మవ్వ నన్నడిగింది. "మీ టెక్కలి సుట్టం మంచి మాటకారే. మీకేటవుతాది?"

"మా చుట్టమా? మీ ఆడపడుచు కాదా అవ్వా?"

"నా ఆడబిడ్డలా? అందరూ పోయి ఎన్నాళ్లయినాది! నూకాలుతో వచ్చిన మనిషనుకున్నాను, తర్వాత మీ సుట్టం అనుకున్నాను."

నూకాలు గుండె మీద చెయ్యి వేసుకుంది. "నాతో ఎవులూ రానేదు. నాను అప్పన్న బావ చెల్లెలనుకున్నాను."

అప్పన్న తాతకి చెల్లెళ్లు లేరు.

నలుగురం ఆకుల వైపు చూశాం. ఐదు ఉన్నాయి. ఐదోదాంట్లో పిక్కలు ఉన్నాయి.

భయం వేసిందా అంటే, వేయలేదు. ఆ ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుని మళ్లీ నవ్వడం మొదలుపెట్టారు. "ఎవులైతేనేటి, పండు సూపించినాది" అన్నాడు అప్పన్న తాత. సూరమ్మవ్వ మాత్రం, "ఎల్లొత్తాను అననేదే. ఎల్తాను అన్నాది" అంది మెల్లగా. మా వైపు ఎవరైనా బయల్దేరేటప్పుడు వెళ్లొస్తాననే అంటారు. వెళ్తాను అని చిన్నపిల్లలు కూడా అనరు.

దీపాల వేళకి మామగారు వచ్చారు. వీధిలోనే వాసన తెలిసింది. పెరట్లో గుంట చూశారు, పండు చూశారు. ఆయన ఏమీ అనకముందే, చెట్టుని బతికించుకోవాలన్న ఆశతో మొదటిసారి ఆయన ఎదురుగా నిలబడి జరిగిందంతా చెప్పాను. గుంటడి కథ కూడా చెప్పాను. ఆయన నవ్వుతారేమో అని ఆవిడలా చేతులు తిప్పుతూ చెప్పాను.

ఆయన నవ్వలేదు. అరుగు మీద కూర్చున్నారు.

"మళ్లీ సెప్పు" అన్నారు.

మళ్లీ చెప్పాను.

"ఏలెట్టి లాగినాదని అన్నాదా?"

"అవును మావా."

"ఇంకేటన్నాది?"

"కొట్టలేదని చెప్పమంది. ఎవరికో నాకు తెలియలేదు."

 అప్పుడాయన మాట్లాడింది ఆ రెండేళ్లలో నాతో ఆడిన మాటలన్నిటికంటే ఎక్కువ.

ఆయనకి నాలుగో ఏడు నిండకుండానే తల్లి పోయింది. పాతికేళ్లుండవు ఆవిడకి. మేనత్త పెంచింది. ఆ మేనత్త తన వదిన, అంటే ఆయన తల్లి, ఊసు ఎత్తేది కాదు. తల్లి మొహం ఆయనకి తెలియదు. ఒక్కటే గుర్తు. తన నోట్లో ఆవిడ వేలు, గొంతులో మంట, తను గుక్కపట్టి ఏడవడం. అంతే.

"కొట్టినాదనుకున్నాను. నోరు నొక్కి కొట్టినాదనుకున్నాను. ఇన్నేళ్లూ మా యమ్మంటే నాకదే. ఎవులికీ సెప్పనేదు. నీ అత్తకి కూడా సెప్పనేదు" అన్నారు.

నేను తొనలు తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఒకటి తిని, పిక్కని అరచేతిలోకి ఉమ్మి దాన్ని చూశారు. చూస్తూ చూస్తూ నవ్వారు. మొదట చిన్నగా, తర్వాత భుజాలు ఊగేలా. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, నవ్వు ఆగడం లేదు. గోడ అవతల నుంచి సూరమ్మవ్వ, "ఎవులే అది నవ్వుతన్నారు?" అని అరిచింది. "మా మావ" అన్నాను. "అబద్ధాలాడకు" అంది.

మర్నాడు వడ్రంగి ఇద్దరు కూలీలతో వచ్చాడు. మామగారు వాళ్ల ముగ్గురికీ తొనలు పెట్టించి, మామిడి చెక్క తలుపులు చాలని చెప్పి పంపేశారు. ఆ తలుపులు వానాకాలంలో బిగుసుకుపోయి తెరుచుకునేవి కావు. ఆయన ఒక్కనాడూ విసుక్కోలేదు.

ఆ మధ్యాహ్నం నుంచి ఆయన కూడా చెట్టు కిందకి రావడం మొదలుపెట్టారు. మొదట దూరంగా కూర్చునేవారు. నెల తిరిగేసరికి ఆ ముగ్గురినీ మించిన మాటకారి అయ్యారు. కోతలు కోయడంలో అప్పన్న తాతే ఓడిపోయాడు. చెట్టు ఆ తర్వాత కొన్నేళ్లు కాసింది, కొన్నేళ్లు కాయలేదు, ఏ చెట్టయినా అంతే.

నేను పంతులుగారి పిల్లని కాబట్టి ఊరుకోలేదు. నూకాలు అక్కుపల్లిలో ఇల్లిల్లూ అడిగింది, భావనపాడు రేవులో అడిగింది. సూరమ్మవ్వ పుట్టిల్లు సంతబొమ్మాళి దగ్గర, అక్కడ అడిగించాం. ఇటుకరంగు కోక, పై పన్ను లేని మనిషి, మాటకారి. అలాంటి మనిషి తెలుసన్నవాళ్లు ఒక్కరూ లేరు. కోక రంగు మీద మాలో మాకే పేచీ వచ్చింది. అప్పన్న తాత పచ్చన అన్నాడు, నూకాలు తెల్లన అంది. వాళ్ల కళ్లు అలాంటివి, దాన్ని నేను సాక్ష్యంగా తీసుకోను.

పండు సంగతికి సమాధానం ఉంది. మట్టల కింద నెర్రె విచ్చి ఉంటుంది, అనుభవం ఉన్న కన్ను పట్టేస్తుంది. వాసన మాకెందుకు తెలియలేదంటే, నూకాలు తట్ట పక్కనుండగా ఇంకే వాసనా తెలియదు. మనిషి ఎవరన్నదానికి కూడా సమాధానం వెతికాను. ఎవరో దూరపు బంధువు, ఆ మేనత్త నోట ఎప్పుడో విన్నది చెప్పి ఉంటుంది. కానీ తల్లి కొట్టిందని ఆయన అనుకున్నారని ఆ బంధువుకి ఎలా తెలుసు? ఆయన అది ఎవరికీ చెప్పలేదు.

పోనీ వచ్చింది ఆయన తల్లేనని వీధిలో అందరూ అనుకున్న మాటే ఒప్పుకుందామా అంటే, అదీ కుదరదు. మామగారి తల్లి పాతికేళ్లు నిండకుండా పోయింది. మా పెరట్లో కూర్చుని పండు తిన్న మనిషికి అరవై ఏళ్లు. తల నెరిసింది. పన్ను ఊడింది. చనిపోయిన మనిషికి వయసు ఎలా వస్తుంది?

చాలా ఏళ్ల తర్వాత, ధైర్యం వచ్చాక, ఈ మాట మామగారినే అడిగాను. ఆయన అప్పటికి మంచం మీద ఉన్నారు. వింత ప్రశ్న అడిగినట్టు నావైపు చూశారు.

"రాదేటి మరి? నాను ముసిలోణ్ణయిపోనాను. మా యమ్మ ఒక్కర్తీ అక్కడే ఆగిపోతాదేటి?"

ఆ జవాబు నేను నమ్మలేదు. కానీ ఇన్నేళ్లుగా వెతుకుతున్నాను, దానికంటే మంచిది నాకింకా దొరకలేదు.